కాశీబుగ్గ తర్వాతి 52 కిలోమీటర్లు

నిన్న శ్రీకూర్మం దారిలో 21 కిలోమీటర్లు నడిచాను. కుడికాలి చిటికెన వేలికి బొబ్బ రాలేదు! ఈ మాట రాయడానికి ఐదు వారాలు పట్టింది.

డిసెంబరులో అరసవల్లి నుంచి ఇచ్ఛాపురం దాకా, సుమారు 130 కిలోమీటర్లు, ఉద్దానం కిడ్నీ రోగుల కోసం నడవాలని బయలుదేరాను. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. అయినా పల్లె నుంచి డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వెళ్లి రావాలంటే ఆటో చార్జీ ఉంటుంది, తోడు వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. ఆ ఖర్చుకని 34 మంది కిలోమీటరుకు పది రూపాయల చొప్పున ఇస్తామన్నారు. మొత్తం నడిస్తే 44,200 రూపాయలు. నేను నడిచింది 78 కిలోమీటర్లు.

మొదటి రోజు నరసన్నపేట, రెండో రోజు టెక్కలి, హాయిగా సాగాయి. మూడో రోజు తెల్లవారుజామున మంచుకు తడిసిన గడ్డిలో నడవడంతో మేజోళ్లు తడిశాయి. నందిగాం దాటేసరికి వేలు మండడం మొదలైంది. ఆగి చూస్తే శనగగింజంత ఎర్రటి మచ్చ. తడి చర్మం మీదే టేపు చుట్టి కదిలాను. అదే తప్పయింది. టేపు జారి ముడత పడింది, ఆ ముడత తొమ్మిది కిలోమీటర్ల పాటు చర్మాన్ని ఒరుసుకుంది. కాశీబుగ్గలో జీడిపప్పు వాసన వస్తున్న ఒక వీధి అరుగు మీద కూర్చుని మేజోడు విప్పితే చర్మం దానితో పాటే ఊడి వచ్చింది. స్కేలు పెట్టి కొలిచాను, 22 మిల్లీమీటర్ల పచ్చి పుండు. మర్నాడు పొద్దున 400 మీటర్లు నడిచి వెనక్కి వచ్చేశాను.

అయితే టేపు, తడి మాత్రమే కారణమైతే రెండు కాళ్లకూ బొబ్బలు రావాలి. ఎడమ కాలికి గీత కూడా పడలేదు. అందుకే పాదాలు కొలవడం మొదలుపెట్టాను. కుడి పాదం వెడల్పు ఉదయం 98 మిల్లీమీటర్లు, 15 కిలోమీటర్ల తర్వాత 103. ఎడమది 97, 101. బూటు లోపల వేళ్ల దగ్గర ఉన్నది 100. ఎడమ కాలికీ చోటు చాలడం లేదు, అయినా దానికేమీ కాలేదు. మరి తేడా ఎక్కడుంది?

రోడ్డులో ఉందని నా అనుమానం. ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించాలని నేను ఎప్పుడూ కుడి అంచునే నడుస్తాను. వాన నీరు పోవడానికి రోడ్డు అంచువైపు వాలుగా ఉంటుంది. తాపీ మేస్త్రీల రసమట్టం, మీటరు బద్ద తీసుకెళ్లి చూస్తే మీటరుకు మూడు సెంటీమీటర్ల వాలు కనిపించింది. పాదాలు రెండూ కుడివైపుకు జారుతాయి. కుడికాలికి ఆ వైపున్నది చిటికెన వేలు, ఎడమకాలికి బొటనవేలు. తేల్చుకోవడానికి రద్దీ లేని పల్లె రోడ్డు మీద ఎడమ అంచున 14 కిలోమీటర్లు నడిచాను. ఈసారి ఎడమ చిటికెన వేలు ఎర్రబడింది!

పాదం వెడల్పు పది సెంటీమీటర్లు, అంటే వాలు సరిచేయడానికి మూడు మిల్లీమీటర్లు కావాలి. అట్టముక్క పెడితే చెమటకు ఆరు కిలోమీటర్లకే పిండి అయింది. పాత పారగాన్ చెప్పు రబ్బరు కోసి బూటు లోపలి అట్ట కింద, బయటి అంచున అతికించాను. అంత నిబ్బరమైన రబ్బరు ఖరీదైన సోళ్లలో కూడా నేను చూడలేదు. మేజోళ్లు కూడా మార్చాను. నూలువి నీరు పట్టి ఉంచుతాయి, డెకత్లాన్ పల్చటివి త్వరగా ఆరిపోతాయి. నిన్నటి నడకకు ఇదే సరంజామా. అయితే ఊళ్లో చదునైన సిమెంటు రోడ్డు మీదికి వచ్చాక మోకాలి లోపలి వైపు లాగింది. రబ్బరు మందం ఎక్కువైనట్టుంది.

డబ్బు సంగతి. 78 కిలోమీటర్లకు లెక్కగట్టి 26,520 రూపాయలే తీసుకుంటానని అందరికీ ఫోను చేశాను. ఒక రిటైర్డు మాస్టారు, "నేను ఇచ్చింది నీ కాలికి కాదు నాయనా, వాళ్ల ఆటోకి" అన్నారు. ఆ మాట విన్నాక మరి లెక్కలు చెప్పలేకపోయాను. దాదాపు అందరూ మొత్తం ఇచ్చారు. కవిటి దగ్గరి పల్లెకు బస్సులో వెళ్లి అందజేశాను. నడవాల్సిన దారి కిటికీలోంచి కొబ్బరిచెట్లతో సహా వెనక్కి వెళ్లిపోతుంటే చాలా బాధేసింది. ఒక ఇంట్లో, అప్పుడే డయాలసిస్ నుంచి వచ్చి మంచం మీద పడుకున్న పెద్దాయన మోచేతికి ఇంకా దూది, ప్లాస్టరు ఉన్నాయి. ఆయన నా కాలి కట్టు చూసి, "తగ్గిందా బాబూ?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

డబ్బు చేరవలసిన చోటికి చేరింది. మిగిలిన 52 కిలోమీటర్లు ఇక నా సొంతం, వాటికి ఎవరి దగ్గరా రూపాయి అడగను. రాజశేఖరరెడ్డి గారి 2003 పాదయాత్ర ముగిసింది ఇచ్ఛాపురంలోనే. చిన్నప్పటి నుంచీ నాకు అది నడకల చివర ఉండే ఊరు. అరసవల్లి నుంచి మళ్లీ మొదలుపెట్టమని స్నేహితులు అంటున్నారు. నేను ఒప్పుకోను, ఆ 78 నడిచినవే కదా. రథసప్తమి రద్దీ తగ్గాక కాశీబుగ్గలో బస్సు దిగి, ఆ అరుగు దగ్గరి నుంచే బయలుదేరతాను. మొదటి రోజు కంచిలి, రెండో రోజు ఇచ్ఛాపురం. ఎండలు ముదరకముందే అయిపోవాలి.

ఈ రాత్రికి రబ్బరును మూడు నుంచి రెండు మిల్లీమీటర్లకు అరగదీయాలి. గరుకు కాగితం తెచ్చాను.