నూరువరహాల మొక్కకి సున్నం తినిపించాను

మా అమ్మమ్మగారి ఊళ్లో, విజయనగరం దగ్గర, నూతి పక్కన ఒక నూరువరహాల చెట్టుండేది. పొద అనాలేమో గానీ అది నాకంటే ఎత్తుండేది, అందుకే నాకు చెట్టే. పువ్వు పీకి, సన్నటి గొట్టం చివర నోట్లో పెట్టుకుని చప్పరిస్తే ఒక్క చుక్క తేనె వచ్చేది. దాని కోసం చీమలతో పోటీ పడేదాన్ని. విశాఖ ఎం.వి.పి. కాలనీలో ఫ్లాట్ తీసుకున్నాక బాల్కనీలో మొట్టమొదట పెట్టాలనుకున్న మొక్క అదే.

రోడ్డు పక్క నర్సరీలో అడిగితే ఎర్రటి గుత్తులున్న మొక్క ఒకటి చేతిలో పెట్టాడు. "ఇది మా ఊరిదానిలా లేదే" అన్నాను. "ఏటమ్మా, అన్నీ నూరువరహాలే, తేడా ఏటుంటాది" అన్నాడు. తేడా ఉంది. మన నాటు రకానికి ఆకు తొడిమ దాదాపు కనిపించదు, ఆకు అడుగు గుండ్రంగా కొమ్మని కావిలించుకున్నట్టు ఉంటుంది, రేకుల కొసలు సూదిగా ఉంటాయి. నాకు అంటగట్టిన దానికి ఆకు అడుగున సన్నబడి తొడిమలోకి జారిపోయింది, రేకుల కొసలు మొద్దుగా గుండ్రంగా ఉన్నాయి. అది చైనా రకం. అదీ అందమైనదే, కాదనను, కానీ అడిగింది ఒకటి ఇచ్చింది ఒకటి.

రెండిట్లోనూ పువ్వుకి నాలుగే రేకులు. దూరం నుంచి ఇలాగే కనిపించే పెంటాస్ అనే పూలమొక్కకి ఐదు ఉంటాయి, లెక్కపెడితే దొరికిపోతుంది. పువ్వులు లేనప్పుడైతే ఎదురెదురు ఆకుల మధ్య కొమ్మ మీద చిన్న ముల్లులాంటి పొర ఉందేమో చూడండి. అరకులో కాఫీ తోటకి వెళ్లినప్పుడు అక్కడి మొక్కల మీద కూడా అదే చూశాను, రెండూ ఒకే కుటుంబం మరి. నూరువరహాలకి ఇంగ్లీషులో ఇక్సోరా అన్న పేరు ఎక్కడిదో అనుకునేదాన్ని, మన ఈశ్వరుడే పోర్చుగీసు వాళ్ల నోట్లో పడి అలా తయారయ్యాడట, 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దాన్నే శాస్త్రీయ నామంగా ఖాయం చేశాడు.

సరే, అసలు గొడవకి వస్తాను. మూడు నెలలకి కొత్త ఆకులు పసుపుపచ్చగా రావడం మొదలైంది, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ముందు సముద్రపు ఉప్పుగాలి అనుకున్నాను, కానీ ఉప్పుగాలికి ఆకు అంచులు మాడతాయి, ఇలా మధ్యలో పాలిపోవు. బలం చాలడం లేదని యూట్యూబ్ చూసి గుడ్డు పెంకులు పొడి చేసి వేశాను. తాగేనీళ్లు శుద్ధి చేసే ఆర్.ఓ. మెషీన్ వదిలే నీళ్లు పారబోయడమెందుకని రోజూ అవే పోశాను. కుండీ చూస్తే కొత్త సిమెంటుది. అంటే మూడు వైపుల నుంచీ సున్నమూ లవణాలూ! ఈ మొక్కకి కాస్త పుల్లటి మట్టి, అంటే ఆమ్లగుణం ఉన్నది కావాలి. మట్టిలో సున్నం పెరిగితే ఇనుము ఉన్నా వేరు పీల్చుకోలేదు, దాంతో లేత ఆకు పాలిపోతుంది. ఆర్.ఓ. వదిలే నీళ్లలో లవణాలు మామూలు నీళ్లకంటే చిక్కగా ఉంటాయని ఆలోచిస్తే తెలిసేదే, ఆలోచించలేదు. నా ప్రేమతోనే చంపేసేదాన్ని.

మట్టి కుండీలోకి మార్చాను. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపాను (ఎర్రమట్టి కూడా నర్సరీదే, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల జోలికి ఎవరూ వెళ్లకండి బాబూ). ఐరన్ చీలేట్, అంటే మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము, కొని సాయంత్రాల్లో ఆకుల మీద పిచికారీ చేశాను, వానాకాలంలో మేడ మీద పట్టిన నీళ్లు, మిగతా రోజుల్లో కుళాయి నీళ్లు. పాత ఆకులు పూర్తిగా కోలుకోలేదు, కానీ నెల దాటాక వచ్చిన చిగురు నిగనిగలాడింది. పూత కొమ్మ చివరే వస్తుంది కాబట్టి వాడిన గుత్తుల వరకే తుంచుతాను, అందం కోసం కత్తెర పట్టుకుని గుండ్రంగా కత్తిరిస్తే ఆ విడత పువ్వులు పోయినట్టే. రోజుకి నాలుగైదు గంటల ఎండ తగలాలి, లేకపోతే ఆకులే.

మొన్న ఆషాఢంలో ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ చెట్టు నుంచి మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మలు మూడు తెచ్చి నీడలో గుచ్చాను. రెండు కుళ్లిపోయాయి, మూడోదానికి ఇప్పుడు రెండు జతల ఆకులు, తొడిమ లేకుండా, కొమ్మని కావిలించుకుని. గుడ్డు పెంకులు మాత్రం కింద ఫ్లాట్ పిన్నిగారు వాళ్ల టమాటా మొక్కలకని పట్టుకెళ్తున్నారు.