పాయింట్ల బుల్లెట్‌కి ఇక్కడ గిరాకీ

మా గుంటూరులో పాయింట్లు సెట్ చేసేవాడికి పని తగ్గి చాలా కాలమైంది. పాయింట్లంటే స్విచ్చులా కలిసి విడిపోయే రెండు చిన్న లోహపు మొనలు, అవి విడిపోయిన క్షణానే ప్లగ్గులో స్పార్క్ పడుతుంది. 2010 ప్రాంతంలో బుల్లెట్‌కి పాత ఇనప ఇంజన్ పోయి కొత్తది వచ్చాక, టైమింగ్, అంటే ఆ స్పార్క్ ఎప్పుడు పడాలన్నది, మెకానిక్ చెయ్యి పెట్టే విషయమే కాకుండా పోయింది. నేను పని నేర్చుకున్న షెడ్డులో ఇప్పుడు ఎక్కువగా ఆయిల్ మార్పులూ బ్రేక్ ప్యాడ్లే. ఆ పాత పనే ఇంగ్లండులో నాకు జీతం తెచ్చిపెడుతోంది.

మా ఆవిడ ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆమె వీసా మీద డిపెండెంట్‌గా వచ్చి మొదట గోడౌన్లో పెట్టెలు మోశాను. తర్వాత బర్మింగ్‌హామ్ దగ్గర పాత మోటార్ సైకిళ్లు బాగుచేసే చిన్న వర్క్‌షాపులో కుదిరాను. ఇంటర్వ్యూ అంటూ ఏమీ లేదు. యజమాని ఒక బండి చూపించి, స్టార్ట్ కావట్లేదు, చూడమన్నాడు. అంతే.

బుల్లెట్ పుట్టిన రెడ్డిచ్ ఇక్కడికి దగ్గరే. కుట్టుసూదులకు పేరుపడ్డ ఊరు అది, ఎన్‌ఫీల్డ్ కంపెనీ మూలం కూడా ఒక సూదుల కార్ఖానాయే. అక్కడి ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. 1955లో మద్రాసులో మొదలైన తయారీ మాత్రం ఆగలేదు. 1977 నుంచి ఆ మద్రాసు బళ్లనే ఇంగ్లండుకు ఎగుమతి చేశారు. అలా 80ల మొదట్లో వచ్చిన వాటికి నలభై ఏళ్లు నిండాయి కాబట్టి ఇప్పుడు రోడ్డు పన్ను లేదు, ఏడాదికోసారి చేయించే పరీక్షా తప్పనిసరి కాదు. మనవైపు అయితే ఈపాటికి తుక్కుకి తూకం వేసేవాళ్లు.

అలాంటి 350 ఒకటి మొన్న వచ్చింది. రిటైరైన స్కూలు మాస్టారిది. కిక్కు కొడితే వెనక్కి తంతోందని, ప్యాంటు పైకి మడిచి పిక్క మీద నల్లగా కమిలిన చోటు చూపించాడు.

సిలిండర్లో పెట్రోలు ఒక్కసారిగా మండదు, కొంత సమయం పడుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడాలి. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అంత ముందుగా పడాలి. కానీ కిక్కు కొట్టేటప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది. అప్పుడు మరీ ముందుగా పడితే మంట పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది, దెబ్బ కాలికి తగులుతుంది. ఈ తేడా చూసుకోవడానికే పాయింట్ల ప్లేటు కింద స్ప్రింగులతో రెండు చిన్న బరువులుంటాయి. వేగం పెరిగితే బయటికి విచ్చుకుని స్పార్క్‌ను ముందుకు జరుపుతాయి, తగ్గితే దగ్గరికొస్తాయి.

మాస్టారి బండిలో అవి దగ్గరికి రావడం లేదు. ప్లేటు తీసి వేలితో తోసి వదిలితే, తోసిన చోటే ఉండిపోయాయి. ఎప్పుడో పెట్టిన గ్రీజు ఎండి లక్కలా బిగుసుకుపోయింది, స్ప్రింగులు సాగిపోయాయి. ఈ స్థితిలో టైమింగ్ ఎంత జాగ్రత్తగా పెట్టినా దండగే. కడిగి, చుక్క నూనె వేసి, స్ప్రింగులు మార్చాను. ఆ తర్వాత పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్యకు తెచ్చాను. సందు మారితే టైమింగ్ మారుతుంది, అందుకే ముందు అది.

బరువులు పూర్తిగా లోపలికి ఉన్నప్పుడు, పైకి వస్తున్న పిస్టన్ తాను చేరే పై అంచుకు ఇంకా 0.8 మి.మీ. కిందుండగా పాయింట్లు విడిపోవాలి. గుంటూరులో ప్లగ్గు రంధ్రంలోంచి సైకిల్ పుల్ల దించి చూసేవాళ్లం. ఆ రంధ్రం ఏటవాలుగా ఉంటుంది. పైగా ఆ చివర పిస్టన్ దాదాపు కదలదు, క్రాంక్ పది డిగ్రీల దాకా తిరిగితేగానీ ఆ 0.8 రాదు. ఇక్కడ క్రాంక్‌కి డిగ్రీల చక్రం తగిలించి, ప్లగ్గు చోట అడ్డు బిగించి, పిస్టన్ ఆ అడ్డుకు తగిలేదాకా ఇటూ అటూ తిప్పి రెండు అంకెల మధ్య సగం చూస్తారు, పిస్టన్ పై అంచుకు చేరేది అక్కడే. ఈ విషయంలో వీళ్ల పద్ధతే మేలని ఒప్పుకోవాలి.

పాయింట్లు ఎప్పుడు విడిపోయాయో చూడ్డానికి మాత్రం మా మేస్త్రి మాటే నాకు వేదం: "ముల్లు చూడరా, ముల్లు!" తాళం తిప్పి ఉంచితే, పాయింట్లు కలిసున్నంతసేపూ హెడ్‌లైట్ మీద కరెంటు రాకపోకలు చూపే ఆమీటరు ముల్లు మైనస్ వైపు వాలుతుంది. విడిపోగానే మధ్యకు దూకుతుంది. అనుమానముంటే పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి లాగితే సరి. బల్బూ వైర్లూ అక్కర్లేదు. మాస్టారు ఆ మీటరు బ్యాటరీ కోసమే అనుకుంటున్నాడట ఇన్నేళ్లూ.

ఇక్కడ కూలీ గంటల లెక్క. ఏం చేశానో, ఎంతసేపు చేశానో కార్డు మీద రాయాలి. షెడ్డులో ఇదే పని టీ చల్లారేలోపు కావాలి, లేకపోతే మేస్త్రి నోటికి హద్దుండదు. ఇక్కడ తొందరపడితేనే తిట్లు. పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. తప్పులేదు, ఊరికే సెట్ చేసుకునే బాధ తప్పుతుంది. కానీ అది పోతే రోడ్డు పక్కన చేయగలిగిందేమీ లేదు. పాయింట్లయితే గీకే కాగితమూ స్క్రూడ్రైవరూ చాలు. నాకు పని ఉండాలని చెప్పే మాట కూడా కావచ్చులెండి.

వచ్చేవారం బీఎస్‌ఏ ఎం20 వస్తోంది, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన 500 సీసీ బండి. దానికి బరువులూ స్ప్రింగులూ ఉండవు, బ్యాటరీతో పనిలేకుండా అయస్కాంతంతో స్పార్క్ పుట్టించే మాగ్నెటో ఉంటుంది. టైమింగ్ నడిపేవాడే హ్యాండిల్ మీది లీవరుతో మార్చుకోవాలి. అది నేను ఇంతవరకూ ముట్టుకోలేదు. కిక్కు కొట్టే ముందు లీవరు వెనక్కి తిప్పావో లేదో రెండుసార్లు చూసుకో అని యజమాని ఇప్పటినుంచే చెబుతున్నాడు.