హెడ్‌ఫోన్స్‌ల మస్తు, స్టేజ్ మీద పస్తు

మొన్న హన్మకొండల ఒక ఫంక్షన్ హాల్‌ల సంగీత్ ప్రోగ్రాం ఉండె. నేను గిటార్ వాయిస్త, నా దగ్గర హెచ్‌ఎక్స్ స్టాంప్ (యాంప్, ఎఫెక్ట్‌ల పని చేసే చిన్న డబ్బ) ఉన్నది కాబట్టి యాంప్ మోసుడు బాధ లేదు, బ్యాగ్‌ల ఏస్కొని బండి మీద పోవుడే. ముందుగాల నాలుగు రాత్రులు ఇంట్ల అందరు పండుకున్నంక హెడ్‌ఫోన్స్ పెట్టుకొని దాంట్ల ప్యాచ్, అంటే సౌండ్ సెట్టింగ్ చేసిన, గెయిన్ (సౌండ్‌ను గరగరలాడించేది) దండిగ, రివర్బ్ (హాల్ల వాయించినట్టు మోత) ఇంకా దండిగ, నాకు నేనే మురిసిపోయిన. తీరా స్టేజ్ ఎక్కి ఫస్ట్ కార్డ్ కొడితే రేకు డబ్బల కందిరీగను ఏసి ఊపినట్టు వచ్చింది. డ్రమ్స్, కీబోర్డ్ అందుకున్నంక అది గూడ వినపడలే. మా బేస్ పిలగాడు నా దిక్కు జూసి "అన్నా, వాయిస్తున్నవా?" అన్నడు.

సౌండాయనను మనసుల మస్తు తిట్టుకున్న గని ఆయన తప్పేం లేదు. వాల్యూం తక్కువున్నప్పుడు మన చెవికి బేసు, పై ట్రెబులు సరిగ అందయి, 1933లనే ఫ్లెచర్, మన్సన్ అనేటోళ్లు కొలిచి చెప్పిన్రు ఈ ముచ్చట. అందుకే చిన్నగ పెట్టుకొని ప్యాచ్ చేస్తే తెల్వకుండనే ఆ రెండు పెంచి మిడ్స్ (నడిమి సౌండ్లు) పీకేస్తం, గిటార్ వినపడేదే ఆ మిడ్స్‌ల. ఇంకోటి, అసలు గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటినంక పడిపోతది, హాల్ల పెట్టే పీఏ స్పీకర్‌ల మాత్రం ట్వీటర్ (పై ట్రెబులు ఇచ్చే చిన్న స్పీకర్) ఉంటది, అది దేన్నీ దాచదు. ప్యాచ్‌ల క్యాబ్ బ్లాక్ (గిటార్ స్పీకర్ నకలు) పెట్టినా, అది స్పీకర్ కోన్ నడుమ మైక్ పెట్టి తీసిన ఐఆర్ (స్పీకర్ సౌండ్ రికార్డు) అయితే ఆ చర్రుమనుడు మిగుల్తనే ఉంటది.

తర్వాత ఆదివారం కాజీపేటల దోస్తు వాళ్ల ప్రాక్టీస్ రూంకు పోయి పీఏ స్పీకర్‌ల పెట్టి, డ్రమ్మర్‌ను వాయించమని, అదే ప్యాచ్ మళ్ల చేసిన. హై కట్ 6 కిలోహెర్ట్జ్, లో కట్ 100 హెర్ట్జ్, అంటే దాని పైవి, దీని కిందివి కోసేసిన. గిటార్‌ల అన్నిటికంటె లావు తీగ (లో-E) 82 హెర్ట్జ్ దగ్గరుంటది గదా అంటరేమో, ఆ జాగ బేస్ గిటార్‌ది, ఇడ్సిపెట్టుండ్రి. గెయిన్ 7 నుంచి 4కు తెచ్చిన, చెయ్యి ఆగింది గని తెచ్చిన. రివర్బ్ సగం. సోలోకు డ్రైవ్ (గెయిన్ లాంటిదే) పెంచుతే సౌండ్ పెరగదు, ఇంకింత నలిగిపోతది, అందుకే ఎఫెక్ట్‌ల చెయిన్ చివర్ల 3 డీబీ లెవెల్ పెంచి వేరే స్నాప్‌షాట్ (అదే ప్యాచ్‌ల ఒక్క నొక్కుడుతోని మారే సెట్టింగ్) పెట్టిన. ఒక్కన్నే వాయిస్తే ఎండిపోయినట్టు, ముక్కుతోని మాట్లాడినట్టు ఉన్నది, డ్రమ్స్ కలిసినంక మాత్రం ఒక్కో నోట్ తెలుస్తున్నది.

మిక్సర్‌కు మోనోల (ఒక్క లైన్‌ల), డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడ మార్చే డబ్బ) నుంచే ఇయ్యుండ్రి, జనరేటర్ మీద హమ్ వస్తే ఆ డబ్బ మీది గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కి చూడుండ్రి. హాల్ మారితే ప్యాచ్ ముట్టకుండ గ్లోబల్ ఈక్యూ (అన్ని ప్యాచ్‌లకు ఒక్కటే బేస్-ట్రెబుల్ సెట్టింగ్) ఒక్కటే జర అటిటు తిప్పుతున్న ఇప్పుడు.

పాత ప్యాచ్ మాత్రం డిలీట్ చెయ్యలే, రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్‌ల అదే వాయిస్తున్న, బాగుంటది మరి ఏం చేస్తం.