సుగ్గి పిల్లలు, పాఠ్యపథకం

కర్నూలు దగ్గరి బి.తాండ్రపాడు డైట్‌లో (టీచర్లను తయారుచేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థ) చదివినవాళ్లను ఎవరిని కదిలించినా ముందు రికార్డుల గురించే చెబుతారు. చార్టులు, అట్టముక్కలు, గమ్ము, అర్ధరాత్రి దాకా మేలుకోవడం. ఆ చార్టుల్లో సగం మార్కుల కోసమేనని అందరికీ తెలుసు. బడిలో చేరాక నాకు అక్కరకొచ్చింది మాత్రం పాఠ్యపథకంలో అందరం గబగబా నింపేసే ఒక గడి: పూర్వజ్ఞాన పరిశీలన.

జర్మన్ విద్యావేత్త హెర్బార్ట్ పేరు మీద చలామణీ అయ్యే బోధనా సోపానాల్లో మొదటిది సన్నాహం. పిల్లలకు ఇప్పటికే ఏం తెలుసో రెండు మూడు ప్రశ్నలతో రాబట్టి, అక్కణ్నుంచి కొత్త పాఠంలోకి నడిపించాలి. సూక్ష్మబోధనలో (ఒక్కో బోధనా నైపుణ్యాన్ని చిన్న పాఠంతో సాధన చేయడం) దీన్ని విడిగా సాధన చేయించేవారు. 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు విమర్శ, 12 నిమిషాల్లో పథకం మార్చుకోవడం, మళ్లీ 6 నిమిషాలు పాఠం, ఇంకో 6 నిమిషాలు విమర్శ. మీసాలొచ్చిన క్లాస్‌మేట్లే మూడో తరగతి పిల్లలు! "మీ ఇంట్లో మేకలెన్ని?" అంటే "మాకు బర్రెలే సార్" అని వెనక నుంచి అల్లరి. మేడమ్ నవ్వేవారు కాదు. "బర్రెలన్నాడు కదా, బర్రెలే లెక్కపెట్టించు. నీ రెండో ప్రశ్నకు ఎందుకు దూకినావు?" అనేవారు. అప్పట్లో మాకది చాదస్తం.

టీచింగ్ ప్రాక్టీస్‌లోనూ ఆ మాట విలువ తెలియలేదు. అబ్జర్వర్ వస్తున్నారంటే ఒక బడిలో జవాబులు ముందురోజే చెప్పించి పెట్టేవారు. పిల్లలు కోరస్‌గా అప్పజెప్పేవాళ్లు, మాకు మంచి రిమార్కు పడేది.

ఉద్యోగం కోసిగి వైపు వచ్చింది. పడమటి మండలాల సంగతి మన జిల్లావాళ్లకు కొత్త కాదు. వాన మొహం చాటేసిన ఏడాది ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలిపనులకు వలస పోతారు. వలస పోయినవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లో ఉండిపోయే పిల్లలు కొందరు. మిగతావాళ్లు అమ్మానాన్నల వెంట పోయి, ఎండలు ముదిరే వేళకు మళ్లీ బెంచీల్లో కనిపిస్తారు. రిజిస్టరులో నాలుగో తరగతే. పాఠం మాత్రం దసరా దగ్గర ఆగిపోయి ఉంటుంది.

అట్లా వచ్చిన ఒక పిల్లను "పోయినసారి ఏం నేర్చుకున్నాం?" అని అడిగితే తల దించుకుంది. "మరి ఇన్నాళ్లూ ఏం చేస్తుంటివమ్మా?" అన్నాను. "పత్తి తీసేకి పోయింటిమి సార్. కాటా కాడ నేనే నిలబడేదాన్ని" అంది. ఆ తర్వాత నేను అడగాల్సిన పని పెద్దగా లేకపోయింది. అరకిలో, పావుకిలో, సంచి బరువు తీసేయడం, కిలోకింత అని కూలి కట్టుకోవడం, మేస్త్రీ తక్కువ రాస్తే పట్టేయడం, అన్నీ చెప్పింది. నోటితో చేస్తున్న ఆ లెక్కలను పలక మీద రాయించడమే నాకు మిగిలిన పని. భిన్నాలు అట్లాగే మొదలుపెట్టాం, తక్కినవాళ్లు కూడా కాటా చుట్టూ చేరారు.

ఇప్పుడు శిక్షణలో బడి రోజులు పెరిగాయి. 2014 ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనలతో బీఈడీ రెండేళ్లయి, ఇంటర్న్‌షిప్‌కు 20 వారాలు కేటాయించారు. డైట్ లెక్చరర్లకు నాదొక విన్నపం. ఇంటర్న్‌షిప్ బడులన్నీ కర్నూలు చుట్టుపక్కలే వెతక్కండి. ఒక బ్యాచ్‌నైనా కోసిగి, పెద్దకడుబూరు వైపు, సుగ్గి నుంచి పిల్లలు తిరిగొచ్చే వారాల్లోనే పంపండి. బస్సు దూరమని విద్యార్థులు గొణుగుతారు, గొణగనివ్వండి.