రౌండాఫ్‌లో రెండవ చెయ్యి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తెలుగు పిల్లలు వేసవిలో మహేంద్రతనయ నది ఇసుకలో కార్ట్‌వీల్ (చేతులు ఆనించి బండిచక్రంలా పక్కకు తిరిగే పల్టీ) సాధన చేస్తారు. పడినా ఇసుక దెబ్బ తగలనివ్వదు గాని, అరచేతి కింద కుంగిపోయి నేలను నెట్టే బలాన్ని మింగివేస్తుంది. అందుచేత కార్ట్‌వీల్‌కైనా, దానిలాగే మొదలై రెండు కాళ్ళూ కలిపి దిగే రౌండాఫ్‌కైనా చేతుల అమరికను గట్టి నేలపై పరచిన మ్యాట్ మీదనే నేర్పాలని నా దృఢాభిప్రాయం.

ఎడమ కాలు ముందుంచి మొదలుపెట్టేవారు ఎడమ చేతినే ముందుగా, పాదానికి బాగా దూరంగా, వేళ్ళు విప్పి ఎడమ వైపుకు తిప్పి ఆనించాలి. పాదం పక్కనే ఆనిస్తే పరుగులోని వేగం అక్కడే ఆగిపోతుంది. కార్ట్‌వీల్‌లో రెండవ చేతి వేళ్ళు కూడా అదే వైపుకు ఉంటాయి. రౌండాఫ్‌లో మాత్రం రెండవ చేతిని ఇంకా లోపలికి తిప్పి, దాని వేళ్ళు మొదటి చేతిని చూసేటట్లు ఉంచాలి. అప్పుడే శరీరం అదనపు మలుపు తిరిగి, రెండు కాళ్ళూ కలిసి, బయలుదేరిన చోటు వైపుకు ముఖం పెట్టి నేలను తాకగలుగుతుంది. నెట్టుడు మోచేతులు వంచకుండా భుజాల నుండి రావాలి; పాదాలు ఆనకముందే అరచేతులు లేచిపోవాలి.

ఈ చిన్న మలుపును పిల్లలు తేలికగా తీసుకుంటే నాకు బాధగా ఉంటుంది. సోవియట్ జిమ్నాస్ట్ నటాలియా యుర్చెంకో పేరు మీదున్న వాల్ట్ (పరుగెత్తుకు వచ్చి బల్లపై చేతులు ఆనించి ఎగిరే జిమ్నాస్టిక్స్ విన్యాసం) రౌండాఫ్‌తోనే మొదలవుతుంది. మణికట్టు నొప్పి ఉన్న పిల్లలను ఆ రోజు సాధనకు దించకూడదు.