విలన్‌ని తిట్టడానికీ ఓ లెక్కుంది

మా బ్రాడీపేట ఇంట్లో రాత్రి ఏడున్నర దాటితే పిన్నిని పలకరించకూడదు. సీరియల్ టైమ్. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంటుంది, ఆ ఆడపడుచు తెర మీదకి రాగానే మొదలు: "దీని మొహం మండ! కళ్ళల్లో గుప్పెడు కారం కొడితే గానీ బుద్ధి రాదు." గుంటూరు కదా, శిక్ష కూడా మిర్చియార్డు నుంచే వస్తుంది. నేను పడీ పడీ నవ్వుతాను. సొంత ఆడపడుచుని అనలేనివన్నీ పాపం ఆ పాత్ర మీదకి పోతున్నాయని నా అనుమానం.

మొన్న మా బాబాయి కొడుకు, హీరోని కాదన్న అమ్మాయి పాత్ర ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టి "యాసిడ్ బాటిల్ రెడీ" అని రాశాడు. కింద వరసగా నవ్వు బొమ్మలు. నాకు ఒళ్ళు మండింది.

"అక్కా, అది సినిమా కేరెక్టరే కదా, ఎందుకంత సీరియస్?" అన్నాడు.

కేరెక్టరే. యాసిడ్ మాత్రం సినిమావాళ్ళు పుట్టించింది కాదు. 2008లో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే అమ్మాయిల మీద నిజంగానే పోశారు. 2013లో సుప్రీంకోర్టు దాని అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది, యాసిడ్ దాడికి చట్టంలో ప్రత్యేక సెక్షన్ కూడా ఆ ఏడాదే వచ్చింది. పిన్ని తిట్టేది ఆ ఆడపడుచు చేసిన వెధవ పనికి. ఈ పిల్ల ఏం చేసిందని? ఇష్టం లేదంది, అంతే.

ఇదంతా ఫోన్లో చెప్పాను. సణుక్కుంటూనే ఫొటో తీసేశాడు. అప్పట్నుంచి నన్ను మాత్రం లాయరక్కా అని పిలుస్తున్నాడు.