పక్కనున్న మనిషికి తెలియనిది

ఈ రోజు మధ్యాహ్నం రామ్‌గోపాల్ వర్మ తీసిన హిందీ గ్యాంగ్‌స్టర్ సినిమా ‘సత్య’ మళ్లీ చూశాను. ఈసారి పక్కన మా అక్క కొడుకు కూడా ఉన్నాడు. 1998 జులై 3న విడుదలైన సినిమా, వాడు పుట్టకముందుది. పొద్దున్నంతా బట్టలు ఉతకడం, బూజు దులపడం, అలమరా సర్దడం, ఇలా సెలవు రోజు పనులతోనే సరిపోయింది. అవన్నీ ముగించి, కర్టెన్లు వేసుకుని కూర్చున్నాం.

కాసేపు గడిచిందో లేదో వాడు మొదలుపెట్టాడు. “మామయ్యా, ఇతనిది ఏ ఊరు? అమ్మానాన్నలెవరు? ఫ్లాష్‌బ్యాక్ ఎప్పుడొస్తుంది?”

“రాదురా.”

నిజంగానే రాదు. సత్య పని వెతుక్కుంటూ ముంబై వచ్చి గ్యాంగులో చేరినవాడు, అంతే. ‘శివ’లో కాలేజీ రౌడీగా చూసిన జేడీ చక్రవర్తి ఇక్కడ మొహంలో ఏ భావమూ బయటపడనివ్వడు. అది నటనే కాదన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గ్యాంగు నాయకుడు భీకూ మాత్రేగా మనోజ్ బాజ్‌పాయ్ అంతలా చెలరేగిపోతుంటే మనకు ముద్దొస్తున్నాడంటే, ఎదురుగా ఒకడు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డాడు కాబట్టే. టైటిల్ పాత్ర తనకు రాలేదని మనోజ్ మొదట్లో బాధపడ్డాడు. చివరికి ఆ భీకూ పాత్రే ఆయనకు ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు తెచ్చిపెట్టింది.

నన్ను ఎప్పుడూ కుర్చీ అంచుకు లాగేది సినిమా హాలు సీను. సత్య, అతను ప్రేమించిన విద్య కలిసి సినిమాకి వెళ్తారు. కథ మొదట్లో సత్య చేతిలో మొహం మీద గాటు తిన్న పక్యా అక్కడ అతన్ని గుర్తుపడతాడు. పోలీసులకు కబురు అందుతుంది. ఇన్‌స్పెక్టర్ ఖండీల్కర్ బలగంతో వచ్చి, ఒక్కటి తప్ప మిగతా తలుపులన్నీ మూయించేస్తాడు. ఇక ఆ ఒక్క తలుపులోంచే జనమంతా బయటికి రావాలి. లోపల పాపం ఆ అమ్మాయికి ఏమీ తెలియదు, హాయిగా సినిమా చూడ్డానికి వచ్చింది. పోలీసులు ఎక్కడ నిలబడ్డారో మనకు తెలుసు, పక్కనున్నవాడు ఎవరో మనకు తెలుసు. ఆమెకొక్కదానికే తెలియదు. టెన్షన్ అంతా అక్కడే ఉంది. సత్య నేలమీదికి తుపాకీ పేల్చగానే హాలంతా తొక్కిసలాట. తప్పించుకుంటాడు, కానీ ఆ గొడవలో చచ్చిపోయేది ఏ పాపం ఎరగని జనం. మొదటిసారి భయపడ్డానని ఆ తర్వాత భీకూతో చెప్తాడు. పోలీసుల గురించి కాదు ఆ భయం. తనెవరో విద్యకి తెలిసిపోతుందేమోనని.

ఇది చూశాక మావాడు సినిమా ఆపేసి, మళ్లీ వెనక్కి తిప్పి, సౌండ్ తీసేసి చూశాడు. మంచి పని చేశాడు. మాటలు లేకపోతే ఎవరు ఎక్కడున్నారు, తలుపు ఎటుంది, జనం ఎటు కదులుతున్నారు అన్నదే కనబడుతుంది. తర్వాత సౌండ్ పెట్టి ఇంకోసారి చూశాం. సందీప్ చౌతా నేపథ్య సంగీతం ఎంత పని చేస్తోందో అప్పుడు బాగా తెలిసింది.

ఈ సినిమాకి రామ్‌గోపాల్ వర్మ పోగుచేసుకున్న మనుషులను తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. రాసింది సౌరభ్ శుక్లా, అనురాగ్ కశ్యప్. ఆ శుక్లాయే గ్యాంగులోని కల్లూ మామా వేషం కట్టాడు. ఎడిటర్లలో ఒకడైన అపూర్వ అస్రానీకి సినిమా విడుదలయ్యేనాటికి ఇరవై ఏళ్లు. కెమెరా మొదలుపెట్టింది జెరార్డ్ హూపర్ అనే అమెరికన్, ఆయన తిరిగి వెళ్లిపోయాక మజహర్ కమ్రాన్ పూర్తిచేశాడు. వానలో నానిన గోడలు, ఇరుకు గదులు, కిక్కిరిసిన రోడ్లు, వీటిని అందంగా చూపించాలన్న తాపత్రయం ఎక్కడా కనబడదు. బయటినుంచి వచ్చిన కన్ను కావడం వల్ల కూడా కావచ్చు అనిపిస్తుంది నాకు.

ఆ రోజుల్లో ముంబై సినిమావాళ్లకు తుపాకీ భయం కథల్లోది కాదు. క్యాసెట్ల వ్యాపారంతో ఎదిగిన గుల్షన్ కుమార్‌ను 1997 ఆగస్టు 12న పట్టపగలు నగరంలోనే కాల్చి చంపారు. ఆ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే, విద్యకి పాట పాడే అవకాశం వచ్చే తీరు మరోలా కనబడుతుంది. సంగీత దర్శకుణ్ని బెదిరించి ఆ అవకాశం ఇప్పిస్తారు. ఆమె మాత్రం తన గొంతు నచ్చి ఇచ్చారనుకుని మురిసిపోతుంది. హాలు సీను కన్నా నాకు ఇదే ఎక్కువ నొప్పి కలిగిస్తుంది. రక్తం చుక్క లేదు, ఒక అమ్మాయి సంతోషపడుతోంది, అంతే.

పాటలు లేకుండానే తీద్దామని వర్మ మొదట అనుకున్నాడు. విశాల్ భరద్వాజ్ బాణీలు, గుల్జార్ సాహిత్యం నాకు ఇష్టమే కానీ, ఆ ప్రేమపాటలు వచ్చినప్పుడల్లా బిగి సడలుతుంది. తాగిన మత్తులో గ్యాంగు పాడుకునే ‘గోలీ మార్ భేజే మే’ మాత్రం వాళ్ల బతుకులోంచే పుట్టినట్టుంటుంది, అది ఉండాల్సిందే.

భీకూ చావు దగ్గర మావాడికీ నాకూ పెద్ద వాదనే అయింది. తనవాడనుకున్న రాజకీయ నాయకుడు భావూ ఎదురుగా ఉండగా, ఏ హెచ్చరికా లేకుండా తూటా దిగుతుంది.

“ఇంత పెద్ద పాత్ర మామయ్యా, కాస్త బిల్డప్ ఇవ్వొద్దూ?”

“భీకూకి తెలియనిది నీకెందుకు ముందే తెలియాలి?”

“హాల్లో తెలియాలన్నావు, ఇక్కడ వద్దంటున్నావు!”

వాడి ప్రశ్న న్యాయమైనదే. హాల్లో మనం విద్య గురించి భయపడాలి, అందుకే మనకు ముందే చెప్పారు. ఇక్కడ భీకూతో పాటు మనమూ మోసపోవాలి. నాకు తోచింది ఇదే. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు.

వాడు తీయబోయే షార్ట్ ఫిల్మ్‌లో హీరో గతం చెప్పే పేజీలు నాలుగున్నాయట, అవి కొట్టేస్తానన్నాడు. హీరో వాళ్ల అమ్మతో మాట్లాడే సీను కూడా తీసేస్తానంటే మాత్రం వద్దన్నాను. ఆవిడకి కొడుకు సంగతి తెలియకుండా ఉంచి చూడమన్నాను. చీకటి పడేదాకా ఆ ఒక్క సీను మీదే కూర్చున్నాం, ఆవిడ మాటలు ఇంకా కుదరలేదు.